చక్రాలు లేని బండి

జూన్ 8

ఈ పుస్తకంలో ఆఫీసు వాళ్ళు గీసిచ్చిన గళ్ళు ఆరు. తేదీ, బయల్దేరిన వేళ, అప్పటి నిల్వ, ఊరు, ఇచ్చిన యూనిట్లు, మిగిలినవి. వాటిలో నేను చెప్పదలుచుకున్నది పట్టదు. అందుకని పుస్తకాన్ని తిరగేసి వెనక పేజీల నుంచి రాస్తున్నాను.

ఈ ఉదయం బండి బ్యాటరీని పూర్తిగా నింపితే మీటరు నూట ఒకటి చూపించింది. ఇరవై రెండేళ్ళ కిందట నేను మొదటిసారి ఈ బండి ఎక్కినప్పుడు రెండు వందల నలభై చూపించేది. అప్పుడు నాకు ముప్పై తొమ్మిది. మా ఊరు సముద్రంలోకి వెళ్ళిపోయి, ఆయన పోయి, చేతిలో డ్రైవింగ్ లైసెన్సు ఒక్కటే మిగిలిన రోజులు. కరెంటు నింపుకుపోయే నిల్వ బండి నడపడానికి కొండల్లోకి వెళ్ళేవాళ్ళెవరైనా ఉన్నారా అని దిగువమెట్ట కరెంటు స్టేషన్‌లో అడిగితే చెయ్యెత్తింది నేనొక్కదాన్నే.

ఒకే ఏడు ఆరు తుపానులు వచ్చాక కొండల మీద స్తంభాలన్నీ పడిపోయాయి. మళ్ళీ ఎవరూ నిలబెట్టలేదు. కరెంటు తీగ దిగువమెట్ట దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణించి పైకి కరెంటు వెళ్ళాలంటే నా బండి ఎక్కి వెళ్ళాల్సిందే. సోలారు ఎండ పలకలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. వేసవిలో అవి చాలు. జూన్‌లో కొండల మీద వాలిన మబ్బు నవంబరు దాకా లేవదు. ఆ ఆరు నెలలూ ప్రతి ఆదివారం నేను నాలుగు ఊళ్ళు తిరుగుతాను. ఈతపల్లి, జాజిగుంట, నేరేడుగొంది, అన్నిటికంటే పైన కంకుపాడు.

మొదటి ఏడు కంకుపాడులో బండి ఆపగానే ఒకావిడ కుట్టుమిషన్ నెత్తిన పెట్టుకుని వచ్చి బండి పక్కనే, బురదలోనే దించింది. ఇంటి దాకా తీగ లాగుతానమ్మా అన్నాను.

“వొద్దండి. తీగ పొడుగైతే కరెంటు దార్లో కారిపోద్దంట కదా” అంది.

ఎవరు చెప్పారో తెలియదు. మూడు గంటల్లో పదకొండు జాకెట్లు కుట్టింది. ఆవిడే చిన్నాలమ్మ. రెండో వారానికి ఒకరికొకరం వదినలమయ్యాం.

జూన్ 15

కంకుపాడులో కరెంటు ఎవరికి ముందు అన్నది ఊరి పెద్ద, పెద్దకాపు గురవారెడ్డి తేలుస్తాడు. ముందు మందుల ఫ్రిజ్. తరవాత మంచినీళ్ళ మోటారు. ఆ తరవాత చోళ్ళు, అదే రాగులు, పట్టే పిండిమర. ఆ పైన ఫోన్లు, టార్చీలు. ఒకప్పుడు ఇవన్నీ అయ్యాక కూడా మిగిలేది. ఆఖరి అరగంట ఊరి ఇష్టం. రంగు బల్బులు వెలిగించి పాటలు పెట్టుకునేవాళ్ళు. ఒక ముసలాయన చెడిపోయిన ఫోను పట్టుకొచ్చి తీగ తగిలించి, చచ్చిపోయిన భార్య గొంతు వినేవాడు. ఆవిడ అందులో చెప్పింది పెద్దగా ఏమీ లేదు. మేకల్ని తోలుకురమ్మని, ఉప్పు తెమ్మని. ఆయన పక్కన నిలబడి నేను కూడా విన్నాను, కొన్నేళ్ళపాటు. ఆ మేకలు తప్పిపోయాయేమో అని ప్రతిసారీ అనిపించేది.

ఆ అరగంట పోయి అయిదేళ్ళయింది. ఆ ముసలాయనా పోయాడు.

ఇప్పుడు కంకుపాడులో ఫ్రిజ్ కంటే ముందు ఇంకొకటి వచ్చింది. చిన్నాలమ్మకి రెండేళ్ళ కిందట మూత్రపిండాలు పని చెయ్యడం మానేశాయి. దిగువమెట్ట ఆస్పత్రి వాళ్ళు ఇంట్లో పెట్టుకునే డయాలసిస్ మిషన్ ఇచ్చారు. టీవీ పెట్టె అంత ఉంటుంది. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చెయ్యాలి. సారికి నాలుగు యూనిట్లు. ఆదివారం నేను పన్నెండు యూనిట్లు ఆవిడ ఇంటి బ్యాటరీ డబ్బాలో నింపి వస్తేనే సోమవారం, బుధవారం, శుక్రవారం గడుస్తాయి.

ఎక్కడానికీ తిరగడానికీ బండికే నలభై ఆరు కావాలి. ఘాట్‌లో ఏమైనా అయితే పనికొస్తుందని పదిహేను అట్టే పెట్టుకుంటాను. మిగిలిన నలభై యూనిట్లు ఊళ్ళకి. అందులో పన్నెండు ఒక్క మనిషికి. ఇది ఇంతవరకూ ఎవరూ పైకి అనలేదు.

జూన్ 29

మీటరు తొంభై ఆరు.

స్టేషన్‌లో కరెంటు నింపే కామేశం కాగితం చేతిలో పెట్టుకుని నా కోసం ఎదురు చూస్తున్నాడు. పదిహేనేళ్ళుగా ఇద్దరం ఒకే టీ ఫ్లాస్కు పంచుకుంటున్నాం. ఈ రోజు టీ పోయకుండానే మొదలుపెట్టాడు.

“పైనుంచి ఆర్డరొచ్చిందండి తాయారుగారూ. నూటికి దిగిపోయిన బళ్ళన్నీ ఆగస్టు నెలాఖరుకి అప్పజెప్పెయ్యాలంట.”

“కొత్త బండి ఎప్పుడొస్తుంది?”

“రాదండి. ఈ రూటే తీసేస్తన్నారు. నాలుగూళ్ళ కోసం బండి ఎక్కించి దించేదానికి ఖర్చు గిట్టట్లేదంట. పేషెంట్లెవరన్నా ఉంటే కింద ఆశ్రయం గదుల్లోకి తెచ్చెయ్యమని రాసేరు.”

చిన్నాలమ్మ ఆ గదుల్లో నలభై రోజులుంది, జబ్బు చేసిన కొత్తలో. నలభై ఒకటో రోజు నా బండిలో ఎక్కి కూర్చుని, దింపినా దిగలేదు. ఘాట్ ఎక్కుతుంటే ఒక్క మాటే అంది. “కిటికీ తీస్తే ఇంకో గది కిటికీ కనపడేది ఒదినా.”

ఈ రోజు కంకుపాడులో గురవారెడ్డికి ఆర్డరు సంగతి చెప్పాను. చిన్నాలమ్మకి చెప్పలేదు.

జూలై 13

తొంభై మూడు. నేరేడుగొందిలో బండి ఆపగానే సోముల్రెడ్డి ఎదురొచ్చాడు. ఆ ఊరి పిండిమర ఆయనదే. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. కోపం వస్తే గొంతు పెంచడు, తగ్గిస్తాడు.

“మూడు వారాల్నించి మర సగంలో ఆగిపోతంది. ఆడోళ్ళు చోళ్ళ గంపలట్టుకుని వొచ్చి ఎనక్కి ఎల్తన్నారు. నీకు తెలుసా?”

“తెలుసు. సెల్స్ అరిగిపోయాయి సోముల్రెడ్డీ. నేనేం చెయ్యను?”

“పైవూరికి పన్నెండు ఎట్టా ఇస్తన్నావో ఆ మాట సెప్పు. మా ఊళ్ళో నూటపాతిక మందికి తొమ్మిది. అక్కడ ఒక్క మనిషికి పన్నెండు.”

“ఆ ఒక్క మనిషి ఆ పన్నెండు లేకపోతే చచ్చిపోతుంది.”

ఆయన గొంతు ఇంకా తగ్గింది. “నేను సచ్చిపొమ్మన్లేదు” అన్నాడు. “నాకూ ఒక ఊరుంది, అంతే.”

ఆయన మాటలో తప్పేమీ దొరకలేదు. దొరికి ఉంటే కోపమైనా తెచ్చుకునేదాన్ని. వాళ్ళ తొమ్మిదీ ఇచ్చి, నేను అట్టే పెట్టుకునే పదిహేనులోంచి ఇంకో రెండు ఇచ్చి పైకి ఎక్కాను. దారి పొడుగునా ఆ రెండింటి గురించే భయం.

జూలై 20

సోముల్రెడ్డి అన్న మాట నాకంటే ముందే కంకుపాడు చేరింది. కొండల్లో మాటకి కరెంటు అక్కర్లేదు.

చిన్నాలమ్మ ఇంటి ముందు తీగ లాగుతుంటే ఆవిడ గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. ముఖం ఉబ్బి ఉంది. చూడగానే అర్థమైంది.

“మొన్న బుధవారం పెట్టుకోలేదా?”

“బుధారం లేదు, శుక్రారం లేదు. ఆ డబ్బాలో ఉన్నది మర కాడికి అట్టుకుపొమ్మని గురవారెడ్డి మావకి సెప్పేను.”

“నీకు మతి ఉందా?”

“ఉంది కాబట్టే. తిరగలి సప్పుడు ఇనపడతందా నీకు?”

వినబడుతోంది. మూడు నాలుగు ఇళ్ళలోంచి. ఆ చప్పుడు ఈ ఊళ్ళో ఇదివరకు నేను వినలేదు.

“నా కోడలు బుజ్జమ్మ సేతులు సూడు. బొబ్బలెక్కిపోయేయి. నడుం నొప్పని ఏడ్సే పిల్ల అది. నా ఒంట్లో రత్తం కడగడానికి అది తిరగలి తిప్పాలా? నేనెంత బతికేనో అంతా నీ బండెనకాలే బతికేను. సాలు.”

నేను తీగ కింద పడేసి ఆవిడ పక్కన కూలబడ్డాను. ఈ కొండలకి వచ్చిన మొదటి వానాకాలంలో నేనొకసారి తిరిగి వెళ్ళకుండా బండిలోనే ముసుగు తన్ని పడుకున్నాను. ఆ రోజు ఆయన తిథి. వండిపెట్టడానికి ఇల్లు లేదు, తర్పణం వదలడానికి వెళ్ళాలంటే ఊరే లేదు. చిన్నాలమ్మ తలుపు తోసుకుని వచ్చి ఏమీ అడగలేదు. పొద్దుగూకే దాకా డ్రైవరు సీటు పక్కన కూర్చుని, చిరిగిన నా రెయిన్‌కోటు చేత్తో కుట్టింది. అది రబ్బరు కోటు. సూది దిగదు. వేలికి రక్తం కారినా ఆపలేదు.

ఆ మాట ఈ రోజు ఆవిడకి గుర్తుచేద్దామనుకున్నాను. ఈలోగా గురవారెడ్డి కర్ర పట్టుకుని వచ్చాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఆవిడకి మేనమామ వరస.

“ఒసే చిన్నాలూ, ఊరికి ఏది ముందో సెప్పేది నేను. నువ్వు కాదు. నువ్వు పెట్టుకో. పెట్టుకోపోతే ఈ ఊరోళ్ళెవరూ ఇయ్యాళ ఆ బండి కాడికి రారు. బండెట్టా వొచ్చిందో అట్టాగే ఎల్లిపోద్ది.”

ఆవిడ ఏడ్చింది. లేచి లోపలికి వెళ్ళి చెయ్యి చాపింది. బుజ్జమ్మే వచ్చి, ఆ బొబ్బల చేతులతోనే, సూది గుచ్చింది.

జూలై 27

ఇంత రాయాల్సిన రోజు ఇదివరకు లేదు.

నింపితే ఎనభై తొమ్మిది. రెండు రోజుల వానకి ఘాట్ రోడ్డంతా ఎర్ర బురద. కింద మూడు ఊళ్ళకీ ఇవ్వాల్సింది ఇచ్చి పదకొండో మలుపు దగ్గరికి వచ్చేసరికి చక్రాలు ఉన్నచోటే తిరగడం మొదలెట్టాయి. ముందుకి రెండు మూరలు, వెనక్కి మూర. మీటరు నా కళ్ళ ముందే పడిపోయింది. ముప్పై, ఇరవై ఎనిమిది, ఇరవై ఆరు. అక్కణ్ణించి కంకుపాడు ఎక్కాలంటే మామూలు రోజైతేనే పధ్నాలుగు కావాలి. ఈ బురదలో ఎక్కితే ఇవ్వడానికి ఏమీ మిగలదు. దిగిపోతే చిన్నాలమ్మకి రేపు లేదు. అంతకు ముందు వారం పోగొట్టుకున్న రెండుసార్లకి ఆవిడ ఇంకా తేరుకోలేదు.

రేడియోలో గురవారెడ్డిని పిలిచాను.

“పదకొండో మలుపా? అక్కణ్ణించి మా ఊరికి అడ్డదారి ఉందిగా. మనిషి నడిస్తే గంట. నువ్వు కదలమాక.”

గంట దాటకముందే ఆరుగురు చెట్లలోంచి దిగారు, భుజాన ఖాళీ కావళ్ళతో. ముందు గురవారెడ్డి, వెనక బుజ్జమ్మ.

“ఏదమ్మా, ఆ కరెంటు ఏదో మా కావిట్లో పెట్టు” అన్నాడాయన.

నవ్వొచ్చింది. తరవాత నవ్వు ఆగిపోయింది. బండి నిల్వ అంటే ఒకటే పెద్ద ముద్ద కాదు. ఎనభై సెల్ పెట్టెలు వరసగా బిగించి ఉంటాయి. ఒక్కొక్కటి పద్దెనిమిది కిలోలు. ఆఫీసు సీలు వేసిన పలక వెనక ఉంటాయవి. ఆ సీలు తెంచితే ఉద్యోగం పోతుందని మొదటి రోజే చెప్పారు.

రెంచి తీసుకుని తెంచాను.

ఘాట్ ఎక్కుతూ బండి పెట్టెలన్నిట్నీ సమంగా వాడుకుంటుంది. అప్పటికి ఒక్కో పెట్టెలో యూనిట్లో మూడో వంతు మాత్రమే మిగిలి ఉంది. ఒక పూట డయాలసిస్‌కి పన్నెండు పెట్టెలు కావాలి. పన్నెండూ దించాను. గురవారెడ్డి ఒకటి ఎత్తి చూశాడు.

“పనసకాయంత లేదు. ఇన్నేళ్ళూ దీనికోసమా నువ్వు ఇంత ఇనపకొట్టు ఏసుకుని ఎక్కేది?”

మనిషికి రెండు పెట్టెలు. తడవకుండా అడ్డాకులు కప్పి, పైన ప్లాస్టిక్ పట్టా చుట్టారు. వాళ్ళు చెట్లలోకి వెళ్ళిపోయాక నేను బండిలో కూర్చుని రేడియో పట్టుకున్నాను. చాలాసేపటికి బుజ్జమ్మ గొంతు వినిపించింది. “తగిలించేమండి. మిషను తిరగతంది.”

మిగిలిన ఇరవై రెండుతో మెల్లగా దిగాను. దిగుతున్నంతసేపూ గురవారెడ్డి మాటే.

ఆగస్టు 3

బండి దిగువమెట్టలోనే ఉంది. బురద ఆరేదాకా ఘాట్ ఎక్కొద్దన్నారు. బుధవారానికి ముందే అడ్డదారిలో పైనుంచి ఇరవై మంది దిగి, నింపిన పెట్టెలు మోసుకుపోయారు. సీలు సంగతి కామేశం చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు.

నేను కూర్చుని లెక్కేశాను. నిండిన ప్రతి వందలో యాభై దాకా ఘాట్ తినేస్తోంది. బండి బరువు నాలుగు టన్నులు. ఇన్నేళ్ళూ కరెంటు మోస్తున్నాననుకున్నాను. మోసింది ఇనుము. కొత్తలో అది పట్టింపు కాలేదు. రెండు వందల నలభైలో యాభై పోతే పోయిందనుకునేవాళ్ళం. ఇప్పుడు నాలుగు ఊళ్ళ ప్రాణం ఆ యాభైలోనే ఉంది.

మనుషులు మోస్తే ఆ యాభై మిగులుతుంది. ఘాట్ రోడ్డు ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. కాలిదారి తొమ్మిది. లెక్క చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది. కానీ పెట్టెలన్నీ ఊడదీస్తే ఇక బండి లేదు. ఆ మాట పుస్తకంలో రాయడానికి ఇంతసేపు పట్టింది.

ఆగస్టు 10

నేరేడుగొంది బడిలో నాలుగు ఊళ్ళ వాళ్ళూ కూర్చున్నారు. నేను కాలినడకన వెళ్ళాను. బండిలో నలభై నిమిషాల్లో వెళ్ళే చోటికి మూడు గంటలు పట్టింది. దారిలో జలగలు.

విషయం చెప్పాను. అందరికంటే ముందు సోముల్రెడ్డే లేచాడు.

“మోసేది మా భుజాలు. వొరి ఊడుపులప్పుడు, పోడు కోతలప్పుడు ఎవరు మోస్తారు? జారి పడితే ఎవరు సూస్తారు? ఆ ఆఫీసోళ్ళు బండి మానేసి మమ్మల్ని బండి సేత్తన్నారు.”

నేనే అన్నాను, “నిజమే. ఖర్చు వాళ్ళ మీంచి తీసి మీ భుజాల మీద పెడుతున్నాను. ఇంకో దారి నాకు తోచలేదు. మీకు తోస్తే చెప్పండి, ఇప్పుడే మానేస్తాను.”

అప్పుడు వెనక నుంచి చిన్నాలమ్మ లేచింది. ఆవిడ వచ్చిందని నాకు తెలియదు. డోలీలో మోసుకొచ్చారట.

“నేను కిందకి ఎల్లిపోతాను. ఆ గదిలోకే. అప్పుడు పన్నెండు మిగుల్తాయి. మోతా తగ్గుద్ది” అంది. ముందే తేల్చుకుని వచ్చింది.

సోముల్రెడ్డి ఆవిడ వైపు మొదటిసారి చూశాడనుకుంటాను. ఊరి పేరు చెప్పి కొట్లాడడం వేరు, ఆ మనిషిని ఎదురుగా చూడడం వేరు.

“కూకో అప్పా” అన్నాడు మెల్లగా. “నేను మొయ్యనన్లేదు. ఎవరు మోస్తారో రాసుకోమంటన్నాను. మాట మాటగానే మిగిలిపోకూడదని.”

రాసుకున్నారు. ఇంటికి వారానికి ఒక మోత. బాలింతలున్న ఇంటికి, అరవై దాటినవాళ్ళు మాత్రమే ఉన్న ఇంటికి మినహాయింపు. మంగళవారం పెట్టెలు నేరేడుగొంది మరకి. తొమ్మిది కిలోమీటర్లనీ మూడు ముక్కలు చేసి, ముక్క ముక్కకి భుజం మారాలని గురవారెడ్డి చెప్పాడు. మోతకి కూలి ఏమిటన్న మాట వచ్చింది. ఆఖరికి మోసిన ఇంటికి ఆ వారం ముందుగా పిండి పట్టాలని తేల్చారు.

ఆగస్టు 17

స్టేషన్ షెడ్డులో బండి విప్పాం. నేను, కామేశం.

ఆర్డరులో బండిని అప్పజెప్పమన్నారు. నూటికి దిగిన సెల్స్ పనికిరానివి, పారెయ్యాలి అని ఇంకో చోట రాసి ఉంది. పారేసేవాటిని ఎవరైనా పట్టుకుపోవచ్చా అని కామేశం పై ఆఫీసుకి రాసి అడిగాడు. పట్టుకుపోయేవాళ్ళ పూచీ అని జవాబొచ్చింది. అది చాలు.

ఒక్కో పెట్టె తీస్తుంటే వెనక గోడ మీద పాత గుర్తులు బయటపడ్డాయి. అయిదో వరస వెనక ఎవరో చిన్నపిల్లలు బొగ్గుతో గీసిన కోడి. ఎప్పుడు గీశారో, సీలు వెయ్యకముందు ఈ బండి ఎవరి చేతుల్లో ఉండేదో తెలియదు. స్టీరింగు మీద నా వేళ్ళు పట్టుకునే రెండు చోట్లా నలుపు పోయి తెలుపు తేలింది.

“ఓసారి కూర్చుంటారా?” అన్నాడు కామేశం.

కూర్చున్నాను. ముందు అద్దంలోంచి షెడ్డు గోడ కనిపించింది. ఈ అద్దంలోంచి నేను ఎన్ని వానాకాలాలు చూశానో. పదకొండో మలుపులో అడవిమల్లె పూసే వారం, జాజిగుంట దగ్గర వాగు రోడ్డెక్కే రోజు, బండి చప్పుడు విని పొలాల్లోంచి నడుములు ఎత్తే మనుషులు. ఊరు ఇంకా అర కిలోమీటరు ఉండగానే అరుపులు వినిపించేవి. కరెంటొచ్చింది, కరెంటొచ్చింది అని. నన్ను చూసి అలా సంబరపడినవాళ్ళు నా జన్మలో ఇంకెక్కడా లేరు.

కామేశం టీ పోసి ఇచ్చి బయటికి వెళ్ళిపోయాడు. టీ చల్లారేదాకా అలాగే కూర్చున్నాను.

సెప్టెంబరు 7

బండిని ముక్కలు కోసే చోటికి లాక్కుపోయారు. చూడలేదు.

ఇంకో చిక్కు వచ్చింది. స్టేషన్‌లో నమోదైన బండికే కరెంటు నింపాలని నిబంధన. పైనుంచి వచ్చిన ముప్పై కావళ్ళు షెడ్డు ముందు వానలో నిలబడి ఉన్నాయి. కామేశం ఫారం తీసి ముందు పెట్టుకున్నాడు. ఇంకో మూడేళ్ళు సర్వీసుందాయనకి.

“బండి రకం?” అన్నాడు.

“కావడి.”

“నడిపేవారు?”

“నాలుగు ఊళ్ళు.”

“చక్రాలెన్ని అని ఉందండి ఇక్కడ.”

“లేవు అని రాయి.”

రాశాడు. పై ఆఫీసుకి ఫోను చేశాడు. అవతలి గొంతు ఏదో అడిగింది. “లేవండి… ఆహా, పోలేదండి, మొదట్నించీ లేవండి…” అంటుంటే వానలో నిలబడ్డవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. కామేశానికి మాత్రం చెమటలు. ఆఖరికి ఫోను పెట్టేసి నా వైపు చూశాడు.

“ఆరు నెలలు చూస్తారంటండి. ప్రయోగం అని రాసుకోమన్నారు. ఏదన్నా తేడా వొస్తే నా మీదకే వొస్తాదంట.”

“ఏం చేద్దాం మరి?”

“లైను కట్టమనండి” అని మెయిన్ స్విచ్ దగ్గరికి నడిచాడు.

అక్టోబరు 19

ఏ పనికైనా ఖర్చుంటుంది. గురవారెడ్డి రెండో మజిలీ దగ్గర నాచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. అరవై దాటినవాళ్ళు మోయనక్కర్లేదని తనే రాయించి తనే మోశాడు. పెట్టె మాత్రం పడనివ్వలేదు. జాజిగుంటలో ఇద్దరి భుజాలు పుండ్లు పడ్డాయి. నాలుగు పెట్టెలు పూర్తిగా చచ్చిపోయాయి. మిగిలినవి కూడా ఇంకో మూడేళ్ళు, మహా అయితే నాలుగేళ్ళు వస్తాయి. ఆ తరవాతి మాట నాకు తెలియదు.

అయినా నేరేడుగొంది మర వారంలో రెండు రోజులు పూర్తిగా తిరుగుతోంది. తిరగళ్ళు మళ్ళీ చూరు కిందకి చేరాయి.

జీతం ఆగిపోయింది. కంకుపాడు బడి పక్క గదిలో ఉంటున్నాను. ఏ పెట్టె ఎంత నిండింది, ఏది ముందు వాడాలి చూడడం నా పని. నాలుగు ఊళ్ళూ వంతులేసుకుని అన్నం పెడుతున్నాయి.

డిసెంబరు 14

తుమ్మిలేరు నుంచి రాస్తున్నాను. ఏటి అవతల, కంకుపాడుకి నాలుగు కిలోమీటర్లు. రోడ్డు లేదు, ఎండ పలకలూ లేవు. నా బండి ఎన్నడూ రాని ఊరు. చిన్నాలమ్మ పుట్టిల్లు.

మిషన్ వచ్చినప్పటి నుంచీ ఆవిడ దాన్ని వదిలి ఒక పూట మించి ఎక్కడికీ కదలలేదు. వాళ్ళ అక్క పైడమ్మకి ఎనభై దాటాయి, నడవలేదు. ఇద్దరూ రెండేళ్ళుగా ఒకరి క్షేమం ఒకరు మనుషుల ద్వారా కనుక్కుంటున్నారు. పోయిన వారం బుజ్జమ్మ పెట్టెలు దించుతూ మామూలుగా అంది, “పెట్టెలు మోసేటోళ్ళం మిషను మొయ్యలేమా? అది ఇంకా తేలిక కదా.”

ఇంతకాలం ఎవరికీ ఎందుకు తట్టలేదో.

మిషన్ ఒక కావడిలో, మందునీళ్ళ సంచులు ఒక కావడిలో, ఒక పూటకి సరిపడా నాలుగు పెట్టెలు రెండు కావళ్ళలో, చిన్నాలమ్మ డోలీలో. ఏటి దగ్గర ఆవిడ దిగుతానని పట్టుబట్టింది. మోకాలి లోతు నీళ్ళలో నా భుజం పట్టుకుని నడిచి దాటింది. అవతలి ఒడ్డున ఇసుకలో ఆగి, ఈ చెట్టు లేదు అప్పుడు, ఆ బండ ఇంకా అవతల ఉండేది అని చెబుతూనే ఉంది. నేను వింటూ నిలబడ్డాను.

అక్కాచెల్లెళ్ళు కలుసుకున్నప్పుడు ఏడవలేదు. పైడమ్మ తడిమి తడిమి చూసి, “సన్నబడ్డావే” అంది. చిన్నాలమ్మ, “నువ్వు మాత్రం పొడుగయ్యేవా” అంది.

పొద్దున మిషన్ తగిలించాం. ఊళ్ళో వాళ్ళంతా వచ్చి గుమ్మం బయట కూర్చున్నారు. నాలుగు గంటలపాటు పైడమ్మ చెల్లెలి రెండో చెయ్యి పట్టుకునే ఉంది. తాము పిల్లలప్పుడు ఈ ఊళ్ళో స్తంభాలుండేవని, వాటికి మేకల్ని కట్టేవాళ్ళమని ఇద్దరూ నాకు చెప్పారు.

అయ్యాక పైడమ్మ అడిగింది. “ఇంకెన్నాళ్ళుంటావే?”

చిన్నాలమ్మ నా వైపు చూసింది. నేను పెట్టెల వైపు చూశాను. నాలుగూ ఖాళీ. రెండు రోజుల్లోపల కంకుపాడులో ఉండాలి.

“రేప్పొద్దున ఎల్లిపోతాం అక్కా” అంది.

పైడమ్మ తల ఊపింది. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

మధ్యాహ్నం ఏటి వైపు నుంచి కుక్కలు మొరిగాయి. ఇద్దరు మనుషులు కావళ్ళతో ఒడ్డెక్కి వస్తున్నారు. దగ్గరికి వచ్చాక చూస్తే ముందున్నది సోముల్రెడ్డి. మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాడు. గుమ్మం ముందు కావడి దించి భుజం రుద్దుకున్నాడు.

“నాలుగు పెట్టెలు, నిండుగా ఉన్నాయి” అన్నాడు నాతో. “ఇంకో పూటకి వొస్తాయిగా? బుధారం మళ్ళీ నలుగురొస్తారు.”

చిన్నాలమ్మ లేచి నిలబడింది. ఆయన ఆవిడ ముఖం చూడకుండా గుమ్మం అవతల ఉన్న గాబులో నీళ్ళు ముంచుకుని కాళ్ళు కడుక్కుంటున్నాడు.

“కూకోండి” అంది చివరికి. “అన్నం తిని ఎల్దురు గాని.” లోపలికి తిరిగి, “అక్కా, బియ్యం ఎక్కడున్నాయే?” అని కేకేసింది.

“పాత సోటే” అంది పైడమ్మ.

చిన్నాలమ్మ ఎవరినీ అడక్కుండా చీకటి గదిలోకి వెళ్ళి, చేట నిండా బియ్యంతో బయటికి వచ్చింది.